ఆ సెక్రటరీని ఇంకోసారి చూడు, తమ్ముడూ

తమ్ముడూ,

కథ చదివాను. ఆలస్యమైందని నువ్వు మళ్లీ మళ్లీ మెసేజ్ పెట్టడం చూశాను గానీ, కథ గురించి ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి వదిలేయడం నాకు చేతకాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. "పనివాళ్లు లిఫ్ట్ వాడరాదు" అని అపార్ట్‌మెంట్‌లో అంటించిన బోర్డు మీద కథ రాయాలని నీకు తోచిందంటేనే నీ మీద నమ్మకం కుదిరింది. ఆ బోర్డు రోజూ చూస్తూ బటన్ నొక్కి పైకి పోయేవాళ్లే ఎక్కువ. అంతవరకూ బాగుంది. ఆ తర్వాతే నీతో నాకు పేచీ.

సెక్రటరీకి బానపొట్ట పెట్టావు, నోట్లో పాన్ పెట్టావు, పనమ్మాయి కనబడితే చాలు కసిరే నోరిచ్చావు. చివర్లో కరెంటు పోయి ఆయన లిఫ్ట్‌లో ఇరుక్కుంటే, ఆరో అంతస్తుకి మెట్లెక్కుతున్న ఆ పనమ్మాయే అరుపులు విని వాచ్‌మన్‌ని పిలుస్తుంది. చదివినవాళ్లంతా "అదిరింది బ్రో, చెంప చెళ్లుమంది" అన్నారని మురిసిపోతూ రాశావు. అంటారు మరి. ఎందుకంటే వాళ్లలో ఒక్కరికి కూడా ఆ సెక్రటరీ తామే అనిపించదు. అలాంటి బోర్డున్న బిల్డింగ్‌లోనే ఉంటూ, నీ కథకి లైక్ కొట్టి, సాయంత్రం అదే లిఫ్ట్‌లో ఇంటికి పోతారు. దుర్మార్గుణ్ణి మరీ అంత దుర్మార్గుడిగా రాస్తే మిగతా అందరూ తప్పించుకుంటారు.

ఆ బోర్డు సంగతే ఆలోచించు. ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. మీటింగ్ జరిగి ఉంటుంది. టీ, ఉస్మానియా బిస్కెట్లు వచ్చి ఉంటాయి. పార్కింగ్ గొడవ అయ్యాక, ట్యాంకర్ల ఖర్చు లెక్క అయ్యాక, ఎవరో ఒకావిడ, ఏనాడూ ఎవరికీ అపకారం చేయని ఆవిడే, "లిఫ్ట్‌లో తడిబట్టల వాసన వస్తోందండీ" అని ఉంటుంది. ఎవరూ కాదనలేదు. సెక్రటరీ గారు రిటైరైన మనిషి, ఇంట్లో ఆయన మాట వినేవాళ్లు లేరు, మీటింగ్‌లో మాత్రం అందరూ వింటారు. కాగితం మీద రాసి జిరాక్స్ షాపుకి పట్టుకెళ్లారు. అక్కడి కుర్రాడు "పనివాల్లు" అని టైప్ చేస్తే, కళ్లజోడు సర్దుకుని "ళ్లు బాబూ, ళ్లు" అని దగ్గరుండి దిద్దించారు. లామినేషన్‌కి ఎక్స్‌ట్రా అవుతుందంటే, పోన్లే, చెయ్యి తగిలినా పాడవదు, చెయ్ అన్నారు. ఒక్క అక్షరం తప్పు పోకూడదని అంత శ్రద్ధ పెట్టిన మనిషికి ఆ రాసినదే తప్పని తట్టలేదు. ఆ శ్రద్ధా, ఆ గుడ్డితనమూ ఒకే మనిషిలో ఎలా సర్దుకున్నాయో నాకు చూపించు. నాకు కావలసిన కథ అది.

ఆయన్ని క్షమించేయమని చెప్పడం లేదు, పొరపాటు పడకు. బోర్డు అక్కడే ఉండనీ. చివర్లో ఆయనకి జ్ఞానోదయం చేయించి పనమ్మాయికి దండం పెట్టించావో, ఆ ఫైలు తెరవను.

ఇక ఆ అమ్మాయి. కథ మొత్తంలో ఆమెకు పేరే లేదు. ఏడ్చింది, ఆయాసపడింది, మళ్లీ ఏడ్చింది. ఇది దయ అని నువ్వనుకుంటున్నావు. నాకైతే సెక్రటరీ ఎలా చూశాడో నువ్వూ దాదాపు అలాగే చూశావనిపించింది, ఆయన కసురుకున్నాడు, నువ్వు కన్నీళ్లు పెట్టించావు, ఇద్దరిలో ఒక్కరూ ఆమెతో మాట్లాడలేదు. రోజూ ఆరంతస్తులు మెట్లెక్కే మనిషికి ఆ బిల్డింగ్ గురించి తెలిసినంత లిఫ్ట్‌లో పోయేవాళ్లకి ఏం తెలుస్తుంది చెప్పు? రెండో అంతస్తులో ఇంగువ తిరగమోత, మూడో అంతస్తులో పొద్దున్నే మొదలయ్యే మొగుడూ పెళ్లాల వాదన, నాలుగో అంతస్తులో మనిషి అలికిడి కోసం తలుపు బార్లా తెరిచి కూర్చునే పెద్దాయన, ఎక్కడ ఆగి వీపు ఆనిస్తే గోడ చల్లగా ఉంటుందో, అన్నీ ఆమెకు తెలుసు. ఈ నెల చీటీ పాడాలా, ఆగాలా అని లెక్కలేసుకుంటూ ఎక్కుతుంది. ఆరో అంతస్తు అమ్మగారి మీద పక్కింట్లో పనిచేసే ఆవిడతో కలిసి పడీ పడీ నవ్వుతుంది కూడా. ఆ నవ్వు నీ కథలో ఎక్కడా వినపడలేదు.

వాచ్‌మన్‌తో శ్రీకాకుళం యాస మాట్లాడించింది నవ్వు కోసమేనని చూడగానే తెలిసిపోతోంది. మన సినిమాలు ఏళ్ల తరబడి చేసిన పనే ఇది, హీరోకి ఒక భాష, రౌడీకీ పనివాడికీ ఇంకో యాస. అదే యాసలో అతను, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో నేలకూలిన తన జీడిచెట్ల గురించి చెబితే ఎలా ఉంటుందో ఒకసారి విను. నవ్వు రాదు. అతను ఇంత దూరం వచ్చి ఈ గేటు దగ్గర ఎందుకు కూర్చున్నాడో కూడా అర్థమవుతుంది.

ఇదంతా మెతకదనం అంటావేమో. గురజాడ కంటేనా? అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా విజయనగరం మహారాజు తయారు చేయిస్తే 1034 తేలాయని ఆయనే తన నాటకం ముందుమాటలో రాశారు, ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పసిగుడ్లు కూడా ఉన్నారు. అలాంటి జాబితా తెలిసినవాడు నిప్పులు కక్కుతూ రాసినా ఎవరూ తప్పు పట్టరు. ఆయన నవ్వించారు. గిరీశం ఎంత మోసగాడో తెలిసీ అతను స్టేజి మీదికి రాగానే మనం ముందుకు జరిగి కూర్చుంటాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సౌజన్యారావు పంతులు దగ్గర ఆయన చేసిన పని. పంతులు నిజంగా మంచివాడు, నిజాయితీ గల వకీలు, కానీ వేశ్యల పొడ గిట్టదు. మధురవాణి మగవేషం వేసుకుంటే గానీ ఆ ఇంటి గడప తొక్కలేకపోయింది. మంచివాడికి కూడా మూసుకున్న తలుపు ఒకటి ఉంటుందని గురజాడకి తెలుసు. నీ కథలో మంచివాళ్లు నూటికి నూరు పాళ్లూ మంచివాళ్లే, అదే నాకు మింగుడు పడలేదు.

కోపం సంగతికొస్తే, నీకన్నా నాకన్నా జాషువాకి కోపం రావడానికి కారణాలు ఎక్కువ. 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరుతో పడరాని మాటలన్నీ పడ్డ మనిషి. కాళిదాసు మేఘంతో కబురు పంపితే ఈయన 1941లో గబ్బిలంతో పంపారు, అదీ ఏకంగా శివుడికి. అంటరాని మనిషిని రానివ్వని గుళ్లోకి గబ్బిలం దర్జాగా పోతుంది, తలకిందులుగా వేలాడినా దాన్ని ఎవరూ పొమ్మనరు. ఒక్క తిట్టు లేకుండా ఎంత మాట అన్నారో చూడు! అదే చెయ్యి గిజిగాడి మీదా, సాలీడు మీదా మురిసిపోతూ పద్యాలు రాసింది. పిట్టల్నీ పురుగుల్నీ చూసి ఆశ్చర్యపోవడం కడుపు నిండినవాళ్ల కాలక్షేపం అనేవాళ్లు నాకు చాలామందే తగిలారు, వాళ్లకి నేను జాషువా పేరు చెప్పి ఊరుకుంటాను.

గిజిగాడంటే గుర్తొచ్చింది, వానలు పడ్డాక ఊరెళ్తే బావి మీదికి వంగిన ఈతచెట్టు కింద కాసేపు నిలబడు. గూడు అల్లేది మగపిట్ట. పొడుగాటి గడ్డిపోచలు చీల్చి తెచ్చి సగం గూడు అల్లుతుంది, అక్కడ ఆగి, దానికి వేలాడుతూ రెక్కలు టపటపలాడించి ఆడపిట్టల్ని పిలుస్తుంది. వచ్చిన పిట్ట లోపలికి దూరి, ముక్కుతో లాగి చూసి, నచ్చితే ఉంటుంది, లేకపోతే ఎగిరిపోతుంది. నచ్చితేనే మిగతా గూడు పూర్తవుతుంది. అందుకే ఒకే చెట్టుకి నిండు గూళ్ల పక్కన అల్లిక మధ్యలో ఆగిపోయినవి కూడా వేలాడుతుంటాయి. ఇది కథలో ఇరికించమని కాదు నాయనా! ఒక పిట్ట వ్యవహారం ఏమిటో తేలేదాకా నిలబడి చూడగలిగినవాడు సెక్రటరీని మొదటి పేరాలోనే తేల్చిపారేయడు, నా ఆశ అంతే.

ఇంకో మాట, చెప్పనా వద్దా అనుకుంటూనే చెబుతున్నా. ఎవరో ఇంటర్ పిల్లవాడు రాసిన కవితలో అక్షరదోషాలు ఏరి నువ్వు పెట్టిన వెటకారం పోస్టు చూశాను. బాగా పేలింది, నాకూ నవ్వొచ్చింది. కానీ తప్పులు దిద్దే విషయంలో నీకూ ఆ సెక్రటరీకీ దగ్గరి చుట్టరికమే ఉన్నట్టుంది. ఆ రుచి మరిగితే ఎవరు ఎదురుపడ్డా ముందు వెక్కిరించడానికి ఏం దొరుకుతుందా అనే చూస్తావు, అలా చూసేవాడికి కథలు తట్టవు, పోస్టులే తడతాయి. ఆ పిల్లవాడి కవితలో మూడో చరణం బాగుంది. వీలైతే ఆ సంగతి కూడా అతనికి రాయి.

కరెంటు పోయే సీను తీసేయ్, జిరాక్స్ షాపు నీకు నచ్చితే వాడుకో, నా పేరు చెప్పక్కర్లేదు. మీ బిల్డింగ్‌లో పనిచేసే ఆవిడతో ఒక పొద్దున మాట్లాడుతూ మెట్లెక్కు, ఇంటర్వ్యూ చేసినట్టు కాదు, సంచీ మోస్తూ. పదిహేనో తేదీలోపు పంపితే వెంటనే చూస్తాను, ఆ తర్వాత మా ఇంట్లో పెళ్లి పనులున్నాయి. వర్డ్ ఫైల్‌గా పంపు, వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే నా కళ్లు లాగుతున్నాయి.

ఉంటాను,
అక్క