గుడి మైకులో ఓటు అడగవచ్చా?

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఒక ఆలయ పాలకమండలి సభ్యుడిని. నవంబరులో స్కూల్ బోర్డుకు పోటీ చేస్తున్న తెలుగు మిత్రుడొకరు దసరా పూజనాడు మా వేదికపై ఓటు అడుగుతానంటున్నారు. చర్చిల్లో పాస్టర్లు బాహాటంగానే చెబుతున్నారు కదా, మనకేమిటి అడ్డు అని కొందరు సభ్యులు వాదిస్తున్నారు. చట్టం ఏమంటుంది?

జవాబు: ఆ రోజు ఆయనకు మైకు ఇవ్వకండి. మీ గుడికిచ్చే విరాళాలపై దాతలకు పన్ను మినహాయింపు దొరుకుతోందంటే గుడికి 501(సి)(3) హోదా, అంటే పన్ను కట్టనక్కరలేని ధార్మిక సంస్థ హోదా, ఉన్నట్టే. టెక్సస్ సెనేటర్‌గా ఉన్నప్పుడు లిండన్ జాన్సన్ తెచ్చిన సవరణ వల్ల 1954 నుంచి ఆ హోదాకు ఒక షరతు ఉంది. సంస్థ ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, వ్యతిరేకించకూడదు. స్కూల్ బోర్డు ఎన్నికకైనా అదే నియమం.

పాస్టర్ల సంగతి. 1992లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ దగ్గరి చర్చి ఒకటి, బిల్ క్లింటన్‌కు ఓటు వేయవద్దంటూ రెండు పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చింది. 1995లో పన్నుల శాఖ దాని హోదాను రద్దు చేసింది. 2000లో అప్పీలు కోర్టు ఆ రద్దును సమర్థించింది. ఇలాంటి చర్యలు అరుదన్నది నిజమే. పైగా, ఆరాధన సందర్భంగా తమ భక్తులతో మతదృష్టితో చెప్పే మాటలకు ఈ నిషేధం వర్తించదని 2025 జులైలో ఆ శాఖే టెక్సస్ కోర్టుకు చెప్పింది. కానీ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చట్టాన్ని మార్చలేదు. బయటి అభ్యర్థికి వేదిక ఇవ్వడానికి ఆ మాట రక్ష కాదని నా అభిప్రాయం.

చట్టం సరే, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. మీ గోపురానికి చందా ఇచ్చినవారిలో రెండు పార్టీలవారూ ఉంటారు. తీర్థం పుచ్చుకుని వెనుదిరిగిన పెద్దావిడకు గుడి తన వాళ్లను వదిలి వేరెవరి పక్షానో నిలిచిందనిపిస్తే, ఆ మనసును ఏ కోర్టూ బాగుచేయలేదు.

మీ మిత్రుడు భక్తుడిగా రావచ్చు, అర్చన చేయించుకోవచ్చు, శఠారి పెట్టించుకోవచ్చు. అభ్యర్థిగా మాత్రం పరిచయం చేయవద్దు. పోటీలో ఉన్న అందరినీ పిలిచి, సమాన సమయమిచ్చి చర్చ పెట్టండి, తప్పులేదు. పార్టీ ప్రసక్తి లేకుండా ఓటరు నమోదు బల్ల వేయవచ్చు. హాలు అద్దెకిస్తే అందరికీ ఒకే రేటు. మీరు వ్యక్తిగతంగా ఎవరికైనా ప్రచారం చేయవచ్చు. అయితే ఆలయ లెటర్‌హెడ్ గానీ వాట్సాప్ గ్రూపు గానీ వాడవద్దు.

మీ మిత్రుడు చందాలు సేకరిస్తే మరో జాగ్రత్త: హెచ్-1బీ వీసాపై ఉన్నవారు ఏ ఎన్నికకూ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు.