సందేహాలు – సమాధానాలు: గీత ఉంటే ‘వల్ల’ అనొచ్చా?

సందేహం: మహాసముద్రాల ఉష్ణోగ్రతలను నెట్‌వర్క్‌గా మార్చి పరిశీలించే పద్ధతి మీద వ్యాసం రాస్తున్నాను. పటంలో ఉష్ణమండల ఉత్తర అట్లాంటిక్‌కూ హిందూ మహాసముద్రానికీ మధ్య గీత ఉంది. “అట్లాంటిక్ వేడెక్కడం వల్ల హిందూ మహాసముద్రం వేడెక్కింది” అని రాస్తే ఎడిటర్ ‘వల్ల’ కొట్టేశారు. తప్పేముంది?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. అయినా మీ ఎడిటర్ కలం సరైన చోటే పడింది. ‘వల్ల’ కారణం చెబుతుంది, ఆ గీత చెప్పదు. భూగోళాన్ని గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ ఏటా మామూలుగా వచ్చే హెచ్చుతగ్గుల్ని తీసేసి, మిగిలినదాన్ని గడికీ గడికీ పోల్చి చూస్తారు. పోలిక ఒక హద్దు దాటితే గీత గీస్తారు. శాస్త్రవేత్తలు సోనిస్, రోబర్ 2004లో వాతావరణాన్ని ఇలా నెట్‌వర్క్‌గా చూపినప్పుడు సహసంబంధ గుణకానికి (రెండు మార్పులు ఎంత జతగా నడిచాయో చెప్పే అంకెకు) పెట్టిన హద్దు 0.5. రెండు చోట్ల మార్పులు జతగా నడిచాయన్నంత వరకే గీతకు తెలుసు.

మీ ఉదాహరణే చూడండి. ఎల్ నినో, అంటే ఉష్ణమండల పసిఫిక్ మామూలు కంటే వేడెక్కడం, సాధారణంగా డిసెంబరు ప్రాంతంలో ముదురుతుంది. గాలుల ప్రసరణ చెదిరి హిందూ మహాసముద్రం మీద మబ్బు పలచబడుతుంది, ఎండ ఎక్కువ తగులుతుంది. అటు అట్లాంటిక్‌లో వ్యాపార పవనాలు నీరసించి నీరు ఆవిరై చల్లబడటం తగ్గుతుంది. మార్చి, ఏప్రిల్ నాటికి రెండూ వేడెక్కుతాయి. ఒకదాని జోలికి ఒకటి పోకుండానే గీత పడిపోయింది! ఇక్కడ ‘వల్ల’ పసిఫిక్‌కు దక్కాలి.

మరి ఆ రెంటి మధ్య ఏం వాడాలి? ‘బట్టి’. చిన్నయసూరి వలనన్, కంటెన్, పట్టి (ఇప్పటి ‘బట్టి’) మూడింటినీ పంచమీ విభక్తిలోనే చేర్చాడు. కానీ మన వాడుకలో ‘బట్టి’ ఆనవాలు చెప్పే మాటగా కుదురుకుంది. “పొగను బట్టి నిప్పుందని తెలిసింది” అంటాం. నిప్పుకు పొగ కారణం కాదు కదా. ‘కాబట్టి’లో మాత్రం కారణార్థం చెక్కుచెదరలేదు, దాన్ని ఇక్కడికి తేవద్దు.

కారణం నిజంగా ఉన్నచోట కూడా ‘వల్ల’ తర్వాత క్రియ జాగ్రత్త. “ఎల్ నినో వల్ల వానలు పడవు” అని టీవీల్లో తేల్చేస్తుంటారు. 1997లో అంత బలమైన ఎల్ నినో వచ్చినా దేశం మొత్తం మీద నైరుతి వర్షపాతం మామూలుగానే ఉంది. “తగ్గే అవకాశం ఎక్కువ” అంటే సరి.

మీ వాక్యం ఇలా మార్చండి: “పసిఫిక్ వేడి వల్ల రెండు సముద్రాలూ వేడెక్కాయి. ఒకదాన్ని బట్టి రెండోదాన్ని అంచనా వేయొచ్చు.” మధ్యలో ‘దీంతో’ పెట్టకండి. పత్రికల్లో అది ‘వల్ల’కు మారువేషం.