సీమోయ్ హెడ్‌ఫోన్ యాంప్‌లో ఏ పార్టులు మారిస్తే సౌండ్ నిజంగా బాగుపడుతుంది?

సీమోయ్ అంటే ఇంట్లోనే చేసుకునే చిన్న హెడ్‌ఫోన్ యాంప్. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఈ యాంప్‌లో అందరూ ముందు ఐసీ (సిగ్నల్‌ని పెంచే చిప్) మీద పడతారు. నా లెక్కలో మొదట చూడాల్సింది ఇన్‌పుట్ కెపాసిటర్. మామూలు డిజైన్‌లో అది 0.1 మైక్రోఫారడ్, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఈ జంట వల్ల 20 హెర్ట్జ్ దగ్గర బేస్ సుమారు 2 డెసిబెల్స్ తగ్గుతుంది. 0.47 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ వేస్తే ఆ లోటు దాదాపు పోతుంది.

ఇయర్‌ఫోన్లలో బుస్సుమనే రొద ఉంటే గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో అది) తగ్గించండి. దాన్ని నిర్ణయించే రెండు ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు 1 కిలో, 10 కిలో ఓమ్‌లైతే అది 11 రెట్లు. 1 కిలో తీసి 4.7 కిలో పెడితే సుమారు 3 రెట్లు. రెండు చానెళ్లకూ 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లే వాడండి.

ఐసీ ఓపీఏ2134 అయితే అలాగే ఉంచేయండి, అది మంచిదే. చవకని ఎన్ఈ5532 పెడితే చిక్కొస్తుంది: దాని ఇన్‌పుట్ బయాస్ కరెంట్ (ఇన్‌పుట్ పిన్‌లో పారే చిన్న కరెంట్) సుమారు 200 నానో ఆంపియర్లు. అది 100 కిలో ఓమ్‌ల మీదుగా 20 మిల్లీవోల్టులై, 11 రెట్లు పెరిగి, 220 మిల్లీవోల్టుల డీసీగా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి పోతుంది. అవుట్‌పుట్‌లో అడ్డుకునే కెపాసిటర్ లేదు మరి!

ఇంకా వేగమైన ఐసీ పెట్టాలంటే దాని 4, 8 పిన్నుల (పవర్ పిన్నులు) మధ్య, వాటిని ఆనుకునే, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ వేయండి. లేకపోతే ఆసిలేట్ అయి (తనంతట తానే సిగ్నల్ పుట్టించి) ఐసీ వేడెక్కుతుంది. ఏది మార్చినా హెడ్‌ఫోన్ గుచ్చే ముందు మల్టీమీటర్‌తో అవుట్‌పుట్ డీసీ చూడండి. 20 మిల్లీవోల్టులు దాటితే గుచ్చొద్దు.