‘లాంటిది’ కొట్టేశాను

బాబూ,

గ్వాటెమాలాలోని కోబాన్ నుంచి నువ్వు రాసి పంపిన నాలుగు ముక్కలూ చదివాను. మొదటిసారి మంచం మీద పడుకుని, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. ‘లాంటిది’, ‘లాంటి’, ‘మన దగ్గరలాగే’ అన్న మాటల్ని లెక్కపెట్టాను. 37 తేలాయి. తోర్తియా జొన్నరొట్టె లాంటిది. అక్కడి సంత మన అంగడి లాంటిది. ఆడవాళ్ళు తొడుక్కునే హుయిపిల్ మన రవిక లాంటిది. నువ్వుంటున్న ఇంటి ఆవిడ మీ అమ్మమ్మ లాంటిది. అంత దూరం వెళ్ళి నువ్వు చూసొచ్చింది మీ ఊరినేనా అనిపించింది.

జొన్నరొట్టె సంగతే చూడు. నువ్వుంటున్న ఇంటి ఆవిడ ముందురోజు సాయంత్రం మొక్కజొన్న గింజల్ని సున్నపునీళ్ళలో ఉడకబెట్టి రాత్రంతా అలాగే ఉంచుతుంది. పొద్దున చేత్తో నలిపితే పొట్టు జారిపోతుంది. కడిగి, బేసిన్‌లో వేసుకుని మోలీనోకి, అంటే పిండిమరకి, పట్టుకెళ్తుంది. అక్కడ ఆడించేది తడి గింజల్ని. మరలోంచి వచ్చేది పొడిపిండి కాదు, ముద్ద. ఆ సున్నం ఊరికే వెయ్యరు. అది లేకపోతే మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టదు, మొక్కజొన్న మీదే బతికేవాళ్ళకి పెల్లాగ్రా అనే జబ్బు వస్తుంది. మొక్కజొన్న సముద్రం దాటి యూరప్ చేరింది గానీ ఈ సున్నం కిటుకు దాని వెంట వెళ్ళలేదు. ఇటలీ పల్లెలు తరాల తరబడి ఆ జబ్బుతో బాధపడ్డాయి. మన దక్కన్‌లో జొన్నే ముఖ్యమైన తిండిగా ఉన్నవాళ్ళలోనూ పెల్లాగ్రా కనిపించేది, హైదరాబాదులో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం 1960ల్లో దాని మీద పనిచేసింది. కాబట్టి తోర్తియాకీ జొన్నరొట్టెకీ చుట్టరికం లేకపోలేదు. అది గుండ్రంగా ఉండడంలో లేదు, జబ్బులో ఉంది. సున్నం అనగానే చదివేవాడికి తాంబూలం గుర్తొస్తే రానీ. నువ్వు మాత్రం అందించకు.

ఇదంతా ఎక్కడో కూర్చుని చెప్తున్నాననుకోకు. 1999లో నేను టెక్సాస్ నుంచి వెళ్ళి ఎనిమిది నెలలు అదే దేశంలో, కెత్సాల్తెనాంగోలో, ఒక బడిలో పనిచేశాను. ఆ ఊరిని అక్కడ అందరూ షేలా అంటారు. నేనున్న ఇంటి వాకిట్లో సిమెంటు పీలా ఉండేది. మధ్యలో లోతైన నీళ్ళతొట్టి, దానికి అటూ ఇటూ గాళ్ళు తీసిన పలకలు. ఒక పలక మీద అంట్లు, ఇంకోదాని మీద బట్టలు. మధ్య తొట్టిలోంచి గిన్నెతో నీళ్ళు ముంచి పోసుకోవాలి, అంతే. వెళ్ళిన మూడోరోజు నేను సబ్బు నురగతో ఉన్న పళ్ళెం తీసుకెళ్ళి ఆ తొట్టిలో ముంచేశాను. ఎంగిలి చెయ్యి బిందెలో పెట్టనివ్వని ఇంట్లో పుట్టినదాన్ని, నాకెందుకు తట్టలేదు? అది నా కళ్ళకి సింకు లాంటిదిగా కనిపించింది గనక.

నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. ఆ ఇంటి ఆవిడ ఒక్క మాట అనలేదు. రాత్రి పడుకోబోతుంటే బకెట్ల చప్పుడు. కిటికీ తెర తీసి చూస్తే ఆవిడా, పన్నెండేళ్ళ కూతురూ తొట్టెడు నీళ్ళూ తోడి పారబోసి, వంగి అడుగు రుద్దుతున్నారు. షేలా 2,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. జనవరి చలి, వాళ్ళ నోళ్ళలోంచి ఆవిరి. నేను కిందికి దిగలేదు. తెర వేసేసి దుప్పటి ముసుగు పెట్టాను.

ఆ వారం నేను ఇండియాకి రాసి పంపిన వ్యాసంలో ఏముందో తెలుసా? బడిలో పుస్తకాల గది ఎలా సర్దానో, బొమ్మల పుస్తకం చూడగానే పిల్లల కళ్ళు ఎలా మెరిశాయో. పత్రికలో వేశారు కూడా. పీలా మాట లేదు.

నీ రెండో ముక్కలోనూ పిల్లల కళ్ళు మెరిశాయి. కొట్టేశాను.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. ఆగస్టుని ‘వేసవి’ అని రాశావు. అది నీ అమెరికా కాలేజీ సెలవుల లెక్క. అక్కడివాళ్ళకి మే నుంచి అక్టోబరు దాకా, అంటే వానలు పడినన్నాళ్ళూ, ఇన్వియెర్నో, చలికాలం. ‘తుంపర లాంటి వాన’ అన్నావు. దానికి కోబాన్‌లో చిపి-చిపి అనే ముచ్చటైన పేరుంటే నీకు తుంపరెందుకు? ఊళ్ళో తిరిగే ఆటో ‘మన ఆటో లాంటిది’ కాదు, అది మన బజాజే. ఇక ‘ఫీహెసే కే’ అని మొదలుపెట్టి ఎవరైనా మాట్లాడితే ఆ పని కాలేదని అర్థం అని రాశావు చూడు, ఆ పేరా చాలా బాగుంది. ముట్టుకోకు. మన ‘అదేంటంటే మరీ...’ లాంటిదని అనబోయి నేనే నాలుక కరుచుకున్నాను.

మూడో ముక్కలో ‘ఇక్కడి జనం ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు’ అన్న వాక్యం ఉంది. నువ్వున్న ఆల్తా వెరాపాస్ జిల్లాలోనే పాన్సోస్ అనే ఊరు ఉంది. 1978 మే 29న భూముల కోసం వచ్చిన కెక్చీ అనే మాయా తెగ రైతుల మీద అక్కడ సైన్యం కాల్పులు జరిపింది. 1960లో ఆ దేశంలో మొదలైన అంతర్యుద్ధం 1996 దాకా సాగింది. నువ్వున్న ఊరి పాత సైనిక స్థావరంలో 2012 నుంచి తవ్వితే 500కి పైగా మనుషుల అవశేషాలు బయటపడ్డాయి. ఇది తెలిశాక నోట్‌బుక్ పట్టుకుని ముసలాళ్ళ చుట్టూ తిరగమని కాదు. అడగనే అడగకు. ఆ వాక్యం మాత్రం తీసెయ్యి. కెక్చీలో పలకరింపే ‘మా సా లా చోల్’, నీ గుండె కుదురుగా ఉందా అని కదా. ఎవరు ఎవర్ని అడుగుతున్నారో, అవతలివాళ్ళు జవాబు చెప్పడానికి ఎంతసేపు తీసుకుంటున్నారో అది రాయి.

నాలుగోది, ఏలకుల ముక్క. నాకు నచ్చింది అదే, సగంలో వదిలేసిందీ అదే. ‘పాయసంలో వేసే ఏలక్కాయ ఇక్కడ కనిపించి కళ్ళు చెమర్చాయి’ అని ఆపేశావు. నీ కళ్ళ సంగతి తర్వాత. ఆ మొక్క పుట్టిల్లు మన పడమటి కనుమలు. 1914 ప్రాంతంలో ఒక జర్మన్ తోటల యజమాని కోబాన్‌కి తెచ్చాడు. ఇవాళ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఏలకులు ఎగుమతి చేసేది గ్వాటెమాలానే, చాలామటుకు అరబ్బు దేశాలకు. పండించే ఇంట్లో మాత్రం వంటలో దాన్ని వెయ్యరు. పచ్చికాయ నిలవుండదు, కట్టెల మంట మీద ఆరబెట్టాలి. ఆరబెట్టే పొయ్యి లేని రైతు కాయ కోసిన వెంటనే దళారికి అమ్ముకోవాల్సిందే. ఆ దళారిని వాళ్ళు కొయోతే అంటారు, నక్కజాతి జంతువు పేరు.

ఈ ముక్కలోనే ‘క్వింటాలుకి ఇంత’ అని ధర కూడా రాశావు, దాన్ని రూపాయల్లోకి మార్చి మన రైతుతో పోల్చావు. మన క్వింటాలు 100 కిలోలు. వాళ్ళ కింతాల్ 100 పౌన్లు, దాదాపు 45 కిలోలు. లెక్క మళ్ళీ వెయ్యి. ధర పచ్చికాయదా ఎండుకాయదా, అదీ కనుక్కో.

ఆ ఇంటివాళ్ళ పేర్లు మార్చు. మార్చానని వాళ్ళకి చెప్పు.

ఏలకుల ముక్క తిరగరాసి నెలాఖరులోగా పంపు. మిగతా మూడూ తర్వాత చూద్దాం. ఉత్తరంలో ఇంకో సంగతి కూడా రాయి: మీ ఇంటి పీలా మధ్య తొట్టి నిండా ఉన్నప్పుడు ఎన్ని బకెట్లు పడతాయి? నేను ఆ రాత్రి లెక్కపెట్టలేదు.

ఉంటాను.