మొదటి వేసవికి జింబేయ్ చాలు తమ్ముడూ

“అన్నా, ఎడోగావా నదిగట్టు బాణసంచా చూడ్డానికి ఆఫీసువాళ్లు రమ్మన్నారు. యుకాతా (వాళ్ల పొడుగాటి వేసవి నూలు అంగీ) కొనాలా? మనం వేసుకుంటే నవ్వుతారా?” జపాన్ రాజధాని టోక్యోలోని నిషి-కసాయ్‌లో ఈ మధ్యే దిగిన తమ్ముడి సందేహం ఇది.

నవ్వరు, ముచ్చటపడతారు. కానీ ముందు జింబేయ్ కొనుక్కో. పొట్టి చేతుల చొక్కా, మోకాళ్ల దాకా నిక్కరు. గుండీలుండవు. లోపల ఒక జత, బయట ఒక జత బందులు. మన పసిపిల్లలకు తొడిగే బందుల జుబ్బాకి పెద్దన్న అనుకో. చాలావాటికి భుజం దగ్గర చెయ్యిని పూర్తిగా కుట్టేయకుండా జాలీలా దారాలతో కలుపుతారు, గాలి ఆడుతుంది. కాకినాడ ఉక్కపోతలో పెరిగిన నాకే ఇక్కడి ఆగస్టు చెమటలు కక్కించింది కాబట్టి చెబుతున్నా, ఆ జాలీ విలువ చిన్నది కాదు. తొకుషిమా వైపు నేసే ‘షిజిరా’ నూలు దొరికితే ఇంకా మంచిది. ముడతలు ముడతలుగా ఉండి ఒంటికి అంటుకోదు.

మన లుంగీకి ఉన్న మర్యాదే దీనికీ. ఇంట్లో, వీధి చివర కొంబినీకి (రోజంతా తెరిచుండే చిన్న దుకాణం), బాణసంచాకి, బోన్ ఒదోరికి (వేసవిలో పూర్వీకుల పండగ నాట్యం) దర్జాగా వెళ్లొచ్చు. ఆఫీసుకీ, కాస్త పెద్ద హోటల్‌కీ వద్దు. దోమలకు మాత్రం నీ పిక్కలు విందుభోజనమే, నదిగట్టుకి వెళ్లేముందు మందు రాసుకో.

ఒక్క విషయం మరిచిపోకు. జింబేయ్ అయినా యుకాతా అయినా నీ ఎడమ అంచు పైకి రావాలి, కుడిది లోపలికి. తిరగేసి కట్టేది శవానికి. మనకు సవ్యం, అపసవ్యం ఎంత పట్టింపో వాళ్లకిది అంత. మొదటి ఏడాది నేను తిప్పికట్టి లిఫ్ట్ ఎక్కితే, పక్కింటి బామ్మ మాటా పలుకూ లేకుండా తన చేతులతోనే బందులు విప్పి సరిచేసింది. సిగ్గుతో చచ్చాననుకో.

యుకాతా మోజు తీరాలంటే కినొసాకి లాంటి వేడినీటి బుగ్గల ఊళ్లకు వెళ్లు. అసలు అది స్నానాల దగ్గర పుట్టిన బట్టే. సత్రంవాళ్లు ఇచ్చింది కట్టుకుని వీధుల్లో తిరగొచ్చు. మగవాళ్లు ఒబీని, అంటే నడుం పట్టీని, బొడ్డు కిందికి, తుంటి మీదికి జార్చి కట్టాలి. కాస్త బొజ్జ ఉంటే ఇంకా అందం, మనవాళ్లకు ఆ దిగుల్లేదు. గెతా అనే చెక్క చెప్పులూ భయపెట్టవు, హవాయి చెప్పులతో పెరిగిన వేళ్లు కదా.

బాణసంచా ఆగస్టు మొదటి శనివారం. ఈలోపే కొని ఒకసారి విడిగా ఉతుకు. నీలిరంగుదైతే మొదట్లో రంగు వదులుతుంది, మీ ఆవిడ తెల్ల చున్నీతో కలిపావంటే ఆ పంచాయితీకి నన్ను పిలవకు.