ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచును కత్తితో గీకొచ్చా?

అస్సలు వద్దండి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడను ఆనుకునే గ్యాస్ గొట్టాలుంటాయి, కత్తి మొన తగిలితే చిల్లు పడుతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్600ఎ గ్యాస్‌కు మంట అంటుకునే గుణం కూడా ఉంది. హన్మకొండలో మా ఇంట్లో ఇలాగే చిల్లు పడి, నడి మే నెలలో చల్లటి నీళ్ల కోసం మళ్లీ కుండ కొనుక్కున్నాం.

ప్లగ్ తీసి, తలుపు తెరిచి, కింద పాత తువ్వాలు పరిచి మంచును దానంతటదే కరగనివ్వండి. తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో 2 చెంచాల వంటసోడా కలిపి మెత్తటి గుడ్డతో తుడవండి. గాజు అరలను మాత్రం చల్లదనం పోయాకే కడగాలి, లేదంటే పగిలిపోవచ్చు. తలుపు రబ్బరు మడతల్లో నల్లటి బూజు చేరుతుంది, అక్కడికి పాత టూత్‌బ్రష్ కావాలి. రబ్బరు సరిగా అతుక్కోకపోతే బయటి తేమ లోపలికొచ్చి మంచు మళ్లీ పేరుకుంటుంది. అంతా ఆరాకే, పొడి చేతులతో ప్లగ్ పెట్టండి.