టెక్ సందేహాలు: మీటర్ బీప్ అంటోంది, మోటారు మాత్రం సగంలోనే ఆగిపోతోంది

"సార్, మాది ప్రొద్దుటూరు. పదేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాను. నాలుగేళ్లు కష్టపడి గ్యారేజీలో రెండు సీట్ల అల్యూమినియం విమానం సొంతంగా కట్టుకున్నాను. దాని ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి వంచే పలకలు) 12 వోల్టుల మోటారుతో నడుస్తాయి. నేల మీద స్విచ్ నొక్కితే చివరిదాకా చక్కగా దిగుతాయి. గాల్లో సగం దిగి ఆగిపోతాయి. పైకి మాత్రం ఎప్పుడూ బాగానే వెళ్తాయి. తీగలన్నీ మల్టీమీటర్‌తో చూశాను, అన్నిచోట్లా బీప్ వస్తోంది. స్విచ్ కూడా మార్చాను. ఒకసారి 10 ఆంపియర్ల బ్రేకర్ పడింది, దాన్ని 15 చేద్దామనుకుంటున్నా. ఎందుకొచ్చిన గొడవని ఫోన్ యాప్‌తో నడిచే వైఫై రిలే బోర్డు కూడా తెప్పించాను. పెట్టేయమంటారా?"

వద్దు. ఆ బోర్డును డబ్బాలోంచి తీయకండి. బ్రేకర్ జోలికీ వెళ్లకండి. బ్రేకర్ ఉండేది తీగ కాలిపోకుండా కాపాడటానికి. తీగ మార్చకుండా బ్రేకర్ పెంచితే, ఈసారి తెగాల్సిన చోట తెగకుండా రెక్కలోపల తీగ కాలుతుంది.

విమానాన్ని పక్కనపెట్టి చూస్తే, ఇదే ఫిర్యాదు నాకు నెలకు నాలుగైదుసార్లు వస్తుంది. కారు అద్దం, షాపు షట్టర్, ఇంటి గేటు, ఏదైనా కావచ్చు. అందరూ రాసే మాట ఒక్కటే: "బీప్ వస్తోంది సార్, తీగ బాగానే ఉంది." బీప్ చెప్పేది తీగ పూర్తిగా తెగలేదని మాత్రమే. మీటర్ ఆ పరీక్షకు పంపే కరెంటు మరీ తక్కువ. చాలా మీటర్లలో పది ఓముల అడ్డంకి (రెసిస్టెన్స్) ఉన్నా బీప్ మోగుతుంది. మీ లెక్క చూడండి. ఎక్కడో ఒక జాయింటులో 0.3 ఓములు చేరిందనుకుందాం. నేల మీద మోటారు 3 ఆంపియర్లు లాగితే అక్కడ పోయేది 0.9 వోల్టు, మీకు తేడా తెలియదు. గాల్లో ఫ్లాప్‌ను గాలి పైకి తోస్తుంటుంది, మోటారు దానికి ఎదురు నెట్టాలి. 8 ఆంపియర్లు లాగిందంటే ఆ ఒక్క జాయింటే 2.4 వోల్టులు మింగేస్తుంది. దాదాపు 19 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. పైకి వెళ్లేటప్పుడు గాలే సాయం చేస్తుంది కాబట్టి లోపం బయటపడదు. (విమానం స్పీడు మీటర్ మీద తెల్ల గీత చూపించే స్పీడుకు తగ్గాకే ఫ్లాప్స్ దించుతున్నారని నమ్మి రాస్తున్నాను. అంతకంటే వేగంలో దించుతుంటే తప్పు మోటారుది కాదు.)

పోయిన వేసవిలో మా కారు అద్దం కూడా అచ్చంగా ఇలాగే చేసింది. కిందికి సర్రున దిగేది, పైకి సగంలో ఆగేది. నేను మీటర్ పట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను, అన్నిచోట్లా బీపే. చివరికి కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గర ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మీటరే తీయలేదు. రెండు తీగలు అతికించిన పాత హెడ్‌లైట్ బల్బు తెచ్చి, మోటారు ప్లగ్గు పీకి ఆ తీగలకు తగిలించాడు. బల్బు దీపంలా మినుకుమంది. తలుపు సందులో రబ్బరు గొట్టం వెనక్కి లాగి తీగను వేళ్ల మధ్య వంచి చూపించాడు. పై తొడుగు చెక్కుచెదరలేదు. బ్లేడుతో చీరితే లోపల రాగి పోగులన్నీ తెగిపోయి రెండే మిగిలాయి, వాటి మీద పచ్చటి చిలుము. తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ వంగీ వంగీ తెగాయన్నమాట. బీప్ మోగడానికి ఆ రెండు పోగులు చాలు, అద్దాన్ని ఎత్తడానికి చాలవు.

మీరూ అదే చేయండి. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 4.6 ఆంపియర్లు లాగుతుంది, మీ పనికి సరిపోతుంది. మోటారు ప్లగ్గు విప్పి దాని స్థానంలో బల్బు పెట్టండి. స్విచ్‌ను కిందికి పట్టుకుని, బల్బు వెలుగుతుండగా ప్రతి జాయింటుకూ అటూ ఇటూ మీటర్ ముళ్లు పెట్టి వోల్టేజీ చూడండి. మంచి జాయింటు దగ్గర వోల్టులో పదో వంతు కూడా పోకూడదు. అర వోల్టు కనిపించిందా, దొంగ దొరికినట్టే. నెగటివ్ వైపు మరిచిపోవద్దు. మోటారు రెండు తీగలూ స్విచ్ దగ్గరికే వస్తాయి, నెగటివ్ విమానం బాడీకి కలిసేది ప్యానెల్ వెనకే. సొంతంగా కట్టేవాళ్లు తుప్పు పట్టకుండా ప్రైమర్ పూస్తారు కదా, ఆ పూత మీదే రింగు టెర్మినల్ బిగించేస్తారు. కొత్తలో బోల్టు మర మీదుగా కరెంటు ఎలాగో వెళ్తుంది, రెండేళ్లకు మొరాయిస్తుంది. అక్కడ పూత గీకి, మెరిసే లోహం మీద బిగించండి.

ఫ్లాప్స్‌ను కిందికి దించే కరెంటు దారిలో మాత్రమే ఉండేది ఒకటుంది. ఫ్లాప్ చివరికి చేరగానే మోటారును ఆపే చిన్న మైక్రోస్విచ్. దాని పక్కన కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఉంటుంది కాబట్టి, ఆ స్విచ్ కాంటాక్టులు కాలిపోయినా పైకి వెళ్లడం ఆగదు. మీ లక్షణాలకు ఇది బాగా సరిపోతుంది. మీ విమానంలో అలాంటిది ఉంటే మొదట అక్కడే కొలవండి.

బల్బు అంతటా బాగా వెలిగితే అప్పుడు మోటారు విప్పండి. గేర్‌బాక్సులోని గ్రీజు ఎండకు పలచబడి బ్రష్‌లలోకి (మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) జారుతుంది. కార్బన్ పొడితో కలిసి కాటుకలా నల్లటి ముద్ద అవుతుంది. మీ టెక్సాస్ ఎండలు మా కర్నూలు ఎండలకు తీసిపోవు, రేకుల షెడ్డులో ఉంటే చెప్పనక్కర్లేదు. బ్రేకర్ పడిందన్నారు కాబట్టి కీళ్లు, రాడ్‌లు బిగుసుకున్నాయేమో కూడా చూడండి. మోటారు విడదీసి ఫ్లాప్స్‌ను చేత్తో ఆడిస్తే తెలిసిపోతుంది. రెండు వైపుల ఫ్లాప్స్‌నూ కలిపే గొట్టం, దాని బోల్టులు ఒక్కొక్కటీ తడిమి చూడండి. ఒకవైపు దిగి ఇంకోవైపు దిగకపోతే విమానం పక్కకు దొర్లుతుంది.

ఇక ఆ వైఫై బోర్డు. నాకు టెన్షన్ పెట్టింది మోటారు కంటే ఇదే. ఇలాంటి చవక బోర్డులు చాలావాటికి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంటుంది, కొన్నింటికి అదీ ఉండదు. పక్కన నిలబడినవాడి ఫోన్‌లో నెట్‌వర్క్ పేరు కనిపిస్తుంది. మీరు ఫ్లాప్ సందులో చెయ్యి పెట్టి కొలుస్తున్నప్పుడు ఎవరైనా సరదాకు నొక్కితే మీ వేళ్లు పోతాయి. గాల్లో అయితే ఇంకా ఘోరం. పవర్ ఒక్క క్షణం పోయి వస్తే బోర్డు రీస్టార్ట్ అవుతుంది, ఆ క్షణంలో రిలే (బోర్డు మీద మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఎటు పడుతుందో బోర్డును బట్టి ఉంటుంది. నేలకు వంద అడుగుల ఎత్తులో, తక్కువ స్పీడులో ఫ్లాప్స్ వాటంతటవే పైకి వెళ్తే విమానం కిందికి కూలబడుతుంది. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే యాప్‌లో ఏం నొక్కినా మోటారు ఆగదు. ఫ్లాప్స్‌ను కదిపే స్విచ్ మీ వేలి కింద ఉండాలి, వేలు తీస్తే ఆగాలి. బ్రేకర్ సీట్లో కూర్చుని అందుకునేంత దగ్గర్లో ఉండాలి.

ఈ బోర్డుల వ్యవహారం మన దగ్గరా మితిమీరుతోంది. రాప్తాడు వైపు నుంచి ఒక రైతు రాశారు: "రాత్రిపూట బోరు మోటారు దానంతట అదే ఆన్ అవుతోంది." ఆయనది సిమ్ పెట్టే మొబైల్ స్టార్టర్. ఎవరు ఫోన్ చేసినా ఆన్ అయ్యేలా సెట్టింగ్ వదిలేశారు, పాస్‌వర్డ్ 1234. లోను ఇస్తామనే కంపెనీల కాల్ వచ్చినా మోటారు తిరుగుతుంది. నీళ్లు వృథా కావడం ఒక ఎత్తు. స్టార్టర్ డబ్బా తెరిచి తీగలు బిగిస్తున్న మనిషి సంగతేంటి? అమ్మేవాళ్లు ఇలాంటి సెట్టింగ్‌తో పొలంలో వదిలి వెళ్లిపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. అన్నా, ఈరోజే మీ ఇంట్లోవాళ్ల నంబర్లు మాత్రమే ఉంచి మిగతావి ఆపేయండి, పాస్‌వర్డ్ మార్చండి. డబ్బా ముట్టుకునే ముందు మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకోండి. ఫోన్ స్విచాఫ్ చేశానంటే సరిపోదు.

కడప నుంచి ఒక బీటెక్ విద్యార్థి, మన దేశంలోనూ ఇంట్లో విమానం కట్టవచ్చా అని అడిగారు. కట్టవచ్చు, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతులతో. ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ డాబా మీద విమానం కట్టి, ఏళ్లతరబడి తిరిగి 2017లో రిజిస్ట్రేషన్ సాధించారు. ఓపిక ఉండాలి.

మళ్లీ ప్రొద్దుటూరు మిత్రుడికి. మా కర్నూలు ఓర్వకల్లు విమానాశ్రయం రన్‌వే రెండు కిలోమీటర్లు. మీరు దిగే పల్లె స్ట్రిప్ (చిన్న రన్‌వే) 600 మీటర్లేనని రాశారు. ఫ్లాప్స్ లేకపోతే స్పీడు ఎక్కువ, పరుగు ఎక్కువ. రిపేరు అయ్యేదాకా ఆ స్ట్రిప్‌కు వెళ్లకండి. పెద్ద రన్‌వే మీద, పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ను కూర్చోబెట్టుకుని ఫ్లాప్స్ లేకుండా దిగడం సాధన చేయండి. చేసిన రిపేరంతా లాగ్‌బుక్‌లో రాయండి. బల్బు పెట్టి కొలిచాక బ్యాటరీ దగ్గర, బ్రేకర్ తర్వాత, స్విచ్ తర్వాత, మోటారు ప్లగ్గు దగ్గర వచ్చిన నాలుగు అంకెలూ నాకు పంపండి.